కొండమీది సార్డీనియా ఇంట్లో నా మొహమాటం

మొదటిసారి అడిగినప్పుడు నేను దేనికీ ఔననలేదు, ఇన్నేళ్ళ జీవితంలో. ఇది నిగ్రహమని ఎవరైనా అనుకుంటే వాళ్ళ మంచితనం. మాది గోదావరి జిల్లా. మా ఇళ్ళలో మొదటి "వద్దు"ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. పాడబోయేవాడు గొంతు సవరించుకున్నట్టు అది. రెండో వద్దు అంటే వడ్డించేవాళ్ళు నవ్వుతారు. ఆ తర్వాత మనం విస్తరి మీద చేతులు అడ్డం పెడతాం, వేళ్ళ సందుల్లోంచి వాళ్ళు గారెలు జారవిడుస్తారు. అడిగినవాళ్ళకీ మర్యాద దక్కుతుంది, వద్దన్నవాడికీ మర్యాద దక్కుతుంది, కడుపూ నిండుతుంది. ఇంత చక్కటి ఏర్పాటు ప్రపంచమంతా ఉంటుందని నేను అనుకున్నాను.

లేదని అమెరికా వచ్చిన మొదటి ఏడాదే తెలిసింది. నేను ఎమ్మెస్ చదువుతున్న రోజుల్లో మా ప్రొఫెసర్ థాంక్స్‌గివింగ్‌కి మమ్మల్ని ఇంటికి పిలిచాడు. ఆయన భార్య పళ్ళెం నిండా కేకు ముక్కలు పెట్టుకుని వచ్చి, కావాలా అని అడిగింది. నో థాంక్స్ అన్నాను. ఆవిడ సరేనని పళ్ళెం పక్కవాడి దగ్గరికి తీసుకుపోయింది. ఆవిడ రెండోసారి అడుగుతుందని నేను ఎదురుచూస్తూ కూర్చున్నాను. ఆ రెండోసారి ఇంతవరకు రాలేదు. అపార్ట్‌మెంట్‌కి తిరిగొచ్చి నూడుల్స్ ఉడకబెట్టుకుని తిన్నాను.

తెలుసుకున్నాక మారాలి కదా. మారలేదు. క్షవరం చేసే అతను అద్దం చూపించి బాగుందా అంటే బాగుందని చెప్పి, ఇంటికొచ్చి నెలరోజులు టోపీ పెట్టుకునేవాణ్ణి. ఈ ఏడాది నీకేం కావాలని మేనేజర్ అడిగితే మీరెలా అంటే అలా అన్నాను. ఆయన ఎలా అన్నాడో వేరే చెప్పక్కర్లేదు.

నా భార్యది వరంగల్. ఆమెకి కావాలంటే కావాలి, వద్దంటే వద్దు. పెళ్ళయిన కొత్తలో నా వేషాలు చూసి పడీపడీ నవ్వేది. తర్వాత్తర్వాత నా తరపున మాట్లాడటం మొదలుపెట్టింది. ఎవరింటికి భోజనానికి వెళ్ళినా, "ఆయన అట్లనే అంటడు, మీరు పెట్టుండ్రి" అని ముందే చెప్పేసేది. నేను మొహమాటంగా నవ్వుతూ తినేవాణ్ణి. ఇలా నా మర్యాద ఖర్చంతా ఆమె భరించేది, పేరు మాత్రం నాకొచ్చేది. మీవారు ఎంత నెమ్మదస్తులండీ అనేవారు అందరూ.

మాకు గ్రీన్ కార్డులు వచ్చిన ఏడాది ఈ నెమ్మదస్తుడికి పరీక్ష వచ్చింది. ఆమె చదివింది చిప్ డిజైన్. కానీ నా వీసా వెనకాల వచ్చినందుకు పని చేసే అనుమతి లేక కొన్నేళ్ళు ఇంట్లో కూర్చుని, ఆ తర్వాత మేముండే క్యారీ ఊళ్ళో ఒక మందుల కంపెనీకి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తూ ఉండిపోయింది. కార్డు చేతికి రాగానే అప్లై చేసింది. దేశానికి అవతలి చివర ఆరిజోనాలో, చాండ్లర్‌లో, ఒక చిప్‌ల కంపెనీ రమ్మంది. తను చదువుకున్న పని. ఉత్తరం వచ్చిన సాయంత్రం నేను గిన్నెలు కడుగుతుంటే పక్కన నిలబడి, పోవాల్నా వద్దా అని అడిగింది. నీ ఇష్టం అన్నాను. ఎంత హుందాగా అన్నానంటే, నన్ను నేనే మెచ్చుకున్నాను. భార్య ఉద్యోగానికి అడ్డుపడని మగవాళ్ళు ఎంతమంది ఉంటారు, అనుకున్నాను కూడా.

అసలు సంగతి వేరే. ఆమె వెళ్ళడం నాకు చచ్చినా ఇష్టం లేదు. మాకు పిల్లలు లేరు. ఆ సంగతి అడిగేవాళ్ళకి కూడా నేను మొహమాటంగా నవ్వి ఊరుకుంటాను. క్యారీలో మా వీధి ఎంత నిశ్శబ్దంగా ఉంటుందంటే, పొరుగింటివాళ్ళు గ్యారేజ్ తలుపు తీస్తే మాకు వినిపిస్తుంది. ఆ ఇంట్లో ఆమె లేకుండా సాయంత్రాలు ఎలా గడుస్తాయో తలుచుకోవడానికే నాకు భయమేసేది. కాబట్టి నా కోరిక ఏమిటంటే, వద్దని ఆమే అనుకోవాలి. నేను మాత్రం మంచివాడిగా మిగలాలి.

ఆమె ఆ నెలంతా రకరకాలుగా అడిగింది. ప్రతిసారీ అదే జవాబు చెప్పాను. చివరికి ఆ కంపెనీవాళ్ళు సోమవారంలోగా చెప్పమన్నారు. ఆ ముందు శుక్రవారం ఆమె ఇద్దరి పేరా సెలవు పెట్టించి, కొండల్లో ఒక హోటల్ బుక్ చేసింది. అక్కడ టీవీ లేదు, ఫోన్ పని చేయదు, నీకు దాక్కోవడానికి చోటు ఉండదు, ఆదివారంలోపు నీ మనసులో ఏముందో చెప్పాలి అంది. సరే నీ ఇష్టం అన్నాను. అలా అన్నందుకు దారిలో చాలాసేపు నాతో మాట్లాడలేదు.

ఆ హోటల్ గురించి ఆమెకి ఆఫీసులో ఎవరో చెప్పారట. హోటలని పేరే గానీ, అదొక గొర్రెల పెంపకందారు ఇల్లు. ఇంటి ఇల్లాలు ఈ కొండల్లోనే పుట్టిన అమెరికన్. వయసులో ఉండగా ఇటలీకి వెళ్ళి, అక్కడి సార్డీనియా అనే ద్వీపంలో గొర్రెలు మేపుకునే ఒకతన్ని పెళ్ళి చేసుకుని వెంట తెచ్చుకుంది. ఆయన తన మామగారి పొలంలో తమ ఊరి ఇల్లు లాంటి ఇల్లు కట్టుకున్నాడు. సున్నం, సిమెంటు లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడలు. పొట్టి తలుపులు. తలుపు పైన తాడుకి గుచ్చిన గొర్రెల గంటలు. వచ్చినవాళ్ళు వాటిని ఊపాలి. నేను ఊపితే ఏం బాగుంటుందని నిలబడ్డాను. నా భార్య ఊపింది.

లోపల ఒక మూల పెద్ద పొయ్యి, దానికి ఎదురుగా పొడవాటి బల్ల, బెండుతో చేసిన పళ్ళేలు, గోడ పక్కన మగ్గం. ముదురు రంగు ఉన్ని దుప్పట్లు ఆ మగ్గం మీద నేసినవేనట. ద్వీపమన్నాక చేపలు తింటారేమో అనుకున్నాను. తన భర్తవాళ్ళది కొండ ఊరని, సముద్రం జోలికి పోయేవాళ్ళు కాదని ఆవిడ చెప్పింది. చలికాలం మొదట్లో కాబట్టి ఆ వారం అతిథులం మేమిద్దరమే. ఆయన డెబ్భై దాటిన మనిషి. నల్లటి ఉన్ని టోపీ, తోలు చొక్కా, మాటలు బహు తక్కువ. చేయి గట్టిగా పట్టుకుని ఊపి, మా సంచులు లాక్కున్నాడు. నేను వద్దు వద్దంటూ ఒక సంచిని ఆయనతోపాటు గది దాకా పట్టుకునే వెళ్ళాను. ఇద్దరం దాన్ని చెరో పక్కా లాగుతూ మెట్లు ఎక్కాం.

గదిలో మంచానికి ఎదురుగా గోడకి ఒక నల్లటి కొయ్య మొహం తగిలించి ఉంది. వంకర ముక్కు, కళ్ళ చోట రెండు కన్నాలు. వాళ్ళ ఊళ్ళో పండగలకి మగవాళ్ళు అలాంటివి పెట్టుకుని, ఒంటినిండా గంటలు కట్టుకుని తిరుగుతారట. చూస్తేనే నాకు ఒళ్ళు జలదరించింది. దాన్ని తీసేయమని అడగొచ్చు కదా అంది నా భార్య. వాళ్ళేమనుకుంటారు, ఉండనీ అన్నాను.

సాయంత్రానికి నాకు కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి. దారిలో గ్యాస్ స్టేషన్‌లో కొన్న చిప్స్ తప్ప ఏమీ తినలేదు. కింద పొయ్యి దగ్గర నిప్పుల పక్కన, ఇనుప చువ్వకి గుచ్చిన గొర్రెపిల్ల మెల్లగా తిరుగుతోంది. దాని కొవ్వు కరిగి చుక్కలు చుక్కలుగా నిప్పుల్లో పడుతుంటే వచ్చే వాసనకి గుటకలు పడుతున్నాయి. మేము మాంసం తినేవాళ్ళమే. కాబట్టి తర్వాత జరిగినదానికి ఆ సాకు కూడా లేదు.

అక్కడ మెనూ లేదు. ఆ ఇంట్లో ఆ పూట ఏం వండితే అందరూ అదే, ఒకే బల్ల దగ్గర కూర్చుని తినాలి. పెద్దాయన బల్ల చివర కూర్చున్నాడు. మొదట పళ్ళెమంత వెడల్పున్న, అప్పడంలా పలచటి రొట్టె విరిచి ముందు నాకు అందించాడు. మగ అతిథికి మొదట ఇవ్వడం పద్ధతి కాబోలు. ముందు మీరు తీసుకోండి అన్నాను. ఆయన నా మొహంలోకి ఒక క్షణం చూసి, తన చేతిలో ఉన్న ముక్కని పళ్ళెంలో పెట్టేశాడు. నా భార్య తీసుకుంది. ఇల్లాలు తీసుకుంది. ఇద్దరూ కరకరలాడించారు.

తర్వాత బంగాళాదుంప, జున్ను, పుదీనా కూరి ఉడికించిన పిండి ఉండలు వచ్చాయి. మా అమ్మ కజ్జికాయల అంచు మడిచినట్టే అంచులు జడలా అల్లి ఉన్నాయి. ఆయన గరిటె ఎత్తి నా వైపు చూశాడు. మధ్యాహ్నం బాగా తిన్నాం, కడుపు నిండుగా ఉంది అన్నాను. ఇది నా రెండో వద్దు. మూడోది అయ్యాక ఎలాగూ పడుతుందని ధీమాగా ఉన్నాను. అలవాటు ప్రకారం నా భార్య వైపు చూశాను. ఆయన అట్లనే అంటడు, మీరు పెట్టుండ్రి అని ఆమె చెప్పాలి. ఆమె తల వంచుకుని ఉండని ఫోర్కుతో గుచ్చి నోట్లో పెట్టుకుంది. ఆ రోజు నుంచి నన్ను ఆదుకునే పని మానేసిందని నాకు అప్పటికి అర్థం కాలేదు.

పెద్దాయన గరిటె దించాడు. తన పళ్ళెంలో ఏమీ వడ్డించుకోలేదు. పాపం ఈయనకి వంట్లో బాగోలేదేమో అనుకున్నాను. గొర్రె తొడ కోసి తెచ్చి, బెండు పళ్ళెంలో ఏవో ఆకుల మీద పరిచి నా ముందుకు చాపినప్పుడు ప్రాణం లేచి వచ్చింది. కానీ అప్పటికే కడుపు నిండుగా ఉందని చెప్పి ఉన్నాను. ఇంతలోనే తింటే, ఇందాక చెప్పింది అబద్ధమని తేలిపోదూ? చేయి అడ్డం పెట్టి, కొంచెం కూడా వద్దన్నాను. ఆయన చాలాసేపు ఆ తొడ పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత దాన్ని నా భార్య పళ్ళెంలో పెట్టి, వచ్చి కూర్చుని ఖాళీ పళ్ళెం పక్కకి జరిపాడు.

ఆయన తినకపోవడం చూసి నాకు జాలి కూడా వేసింది. అరుగుదల సరిగా లేనప్పుడు జీలకర్ర వేసి కాచిన నీళ్ళు తాగితే మంచిదని ఆయనకి సలహా చెప్పాను. జీలకర్ర ఎలా వేయించాలో వివరంగా చెప్పాను. ఇల్లాలు దగ్గింది. నా భార్య నా వంక ఒక చూపు చూసి మళ్ళీ మాంసం అందుకుంది. పూరీలాంటిదాని మధ్య జున్ను పెట్టి వేయించి, పైన తేనె పోసిన తీపి కూడా నా ముందు నుంచే ఆమె దగ్గరికి వెళ్ళింది. ఆకలితో కడుపు మాడ్చుకుని, ఆ కొయ్య మొహం కనపడకుండా దాని వైపే తల పెట్టుకుని పడుకున్నాను.

మర్నాడు పొద్దున బల్ల మీద అప్పుడే విరిగిన గొర్రెపాల జున్ను వెచ్చగా ఆవిర్లు కక్కుతోంది. నిన్న రాత్రి నేనంత గట్టిగా వద్దన్నాక ఇవాళ ఆబగా తింటే ఏం బాగుంటుంది? కాఫీ చాలన్నాను. ఆయన కూడా కాఫీ ఒక్కటే తాగాడు. తాగి, టోపీ సర్దుకుని, మందని పై బీడులోకి తోలాలి వస్తారా అని సైగ చేశాడు. అబ్బే మీకెందుకు శ్రమ అంటుండగానే నా భార్య బూట్లు తొడుక్కుని వాకిట్లోకి వెళ్ళిపోయింది. నేనూ వెనకాల బయల్దేరాను.

కొండ ఎక్కుతుంటే గొర్రెలకన్నా నేనే ఎక్కువ రొప్పాను. కళ్ళ ముందు నల్లగా చుక్కలు తిరుగుతున్నాయి. ఈ ముసలాయన ఎలా ఎక్కుతున్నాడో అని ఆశ్చర్యపోతూ తల ఎత్తేసరికి, ఆయన రాతిగోడ పట్టుకుని నిలబడిపోయి కనిపించాడు. చేతికర్ర జారి కింద పడింది. మెల్లగా గోడ మీద కూలబడ్డాడు. మొహం పాలిపోయింది, చేతులు వణుకుతున్నాయి. నేను పరిగెత్తుకెళ్ళి గుండె నొప్పా అని అడిగాను. కాదని తల ఊపాడు. నా ఫోన్ తీసి చూస్తే అందులో సిగ్నల్ లేదు. అదే సమయానికి ఆయన భార్య కంచె కర్రలు వేసుకుని ట్రక్కులో అటే వస్తోంది. బండి ఆపి దిగి, ఆయన్ని చూసి, నన్ను చూసింది. రాత్రంతా ఆపుకున్న కోపం ఆవిడ మొహంలో కనిపించింది.

"ఆయన నిన్న మధ్యాహ్నం నుంచి ఏమీ తినలేదు" అంది. "మీరు తినలేదు కదా, అందుకు."

నాకు అర్థం కాలేదు. ఆవిడే వివరంగా చెప్పింది. ఆయన తండ్రి ఇంట్లో అతిథుల్లో ప్రతి ఒక్కరూ ముద్ద నోట్లో పెట్టేదాకా ఇంటి యజమాని తినేవాడు కాదట. ఒక్కరు తినకపోయినా ఆయనకి తిండి లేదు, ఆ పూటకి అంతే. అది ఆ ద్వీపమంతా ఉన్న ఆచారమో, ఆ ఒక్క ఇంటి పట్టుదలో నాకిప్పటికీ తెలియదు. ఇన్నేళ్ళుగా హోటల్ నడుపుతున్నా ఆయన ఆ పద్ధతి మానలేదట. ఇప్పటిదాకా ఇబ్బంది రాలేదట, ఎందుకంటే ఇంత దూరం కారేసుకుని వచ్చి తిననివాళ్ళు ఎవరూ లేరు. నాకు చెబుతానని ఆవిడ రాత్రే అంటే ఆయన ఒప్పుకోలేదట. తినమని బతిమాలితే అతిథి మొహమాటానికి తింటాడు, అది తప్పు అన్నాడట.

మొహమాటానికి తినడం గురించి ఆయన నాకోసం బెంగపడ్డాడు. నేను మొహమాటానికి తినకుండా ఆయన్ని కొండ మీద పడేశాను. పైగా జీలకర్ర నీళ్ళు తాగమన్నాను.

ఆవిడ ట్రక్కులోంచి గుడ్డసంచి తెచ్చి గోడ మీద పెట్టింది. రాత్రి మిగిలిన మాంసం, రొట్టె, పొగలో ఎండబెట్టిన జున్ను. ఆయన జేబులోంచి మడత చాకు తీసి, జున్ను కోసి, రొట్టె మీద పెట్టి నా వైపు చాపాడు. నమ్మండి, అప్పుడు కూడా నా తల అడ్డంగా ఊగబోయింది. ఇన్నేళ్ళ అలవాటు. సగం ఊగాక నిలబెట్టి, రెండు చేతులతో అందుకుని కొరికాను. నేను నమిలి మింగేదాకా ఆయన నా గొంతు వైపే చూశాడు. ఆ తర్వాత తనకో ముక్క కోసుకున్నాడు. ఆయన మాంసం చీల్చి ఇవ్వడం, నేను తినడం, ఆయన తినడం. సంచి ఖాళీ అయ్యేదాకా పోటీ పడ్డాం. ఆయన మొహంలోకి రక్తం వచ్చింది. టోపీ వెనక్కి తోసుకుని నన్ను చూసి మొదటిసారి నవ్వాడు.

ఆవిడకి మాత్రం నవ్వు రాలేదు. భర్తని ట్రక్కులో ఎక్కించుకుని మందని బీడులోకి మళ్ళించడానికి పైకి వెళ్ళిపోయింది. నా భార్యా నేనూ ఆ గోడ దగ్గర మిగిలాం. దీని గురించి ఆమె పడీపడీ నవ్వుతుందని నేను ఎదురుచూస్తున్నాను. ఇలాంటివి ఆమెకి ఇష్టం, ఊరంతా చెప్పుకు తిరుగుతుంది. తిరిగి చూస్తే ఆమె కళ్ళ నిండా నీళ్ళు.

"పదేండ్ల సంది నేను గిట్లనే కూసున్న" అంది.

ఎలా అని అడిగాను, తెలిసి కూడా.

"నువ్వు తింటే నేను తిందామని. నీకేం కావాల్నో నువ్వు చెప్తే, నాకేం కావాల్నో నేను చెప్దామని. నువ్వేమో పళ్ళెం ముట్టవు. మంచోడివి. మరి నేనెట్ల తినాలె? తింటే నేనొక్కదాన్నే తిన్నట్టు అయితది."

నిన్న రాత్రి ఆమె అంత మాంసం తింటుంటే నాకు ఒళ్ళు మండింది. ఆమె ఆకలితో తిందనుకున్నాను. నా ముందు ఒక్కతే కూర్చుని తినడం ఆమెకి ఎంత కష్టమైందో అప్పుడు తెలిసింది.

"ఒక్కసారే అడుగుత, మళ్ళ అడగ" అంది. "నేను చాండ్లర్ పోవుడు నీకు ఇష్టమా, కాదా?"

ఔనంటే ఆమె సంతోషించవచ్చు. కాదంటే ఇంతకాలం కట్టుకున్న మంచితనం కాస్తా ఒక్క మాటతో కూలుతుంది. ఆమె చదువుకి, ఇన్నేళ్ళ ఎదురుచూపుకి అడ్డం పడిన మొగుడు అని నా గురించి నేనే అనుకోవలసి వస్తుంది. నాకు ఆమెకన్నా ఆ మంచిపేరే ముద్దని ఆ గోడ దగ్గర నాకు స్పష్టంగా తెలిసింది. అది తెలిసినందుకు నామీద నాకే అసహ్యం వేసింది.

"ఇష్టం లేదు" అన్నాను. "అస్సలు ఇష్టం లేదు. నువ్వు వెళ్ళొద్దు."

నోరు ఒకసారి తెరిచాక ఆగలేదు. నువ్వు లేని ఇంట్లోకి సాయంత్రం తాళం తీసుకుని వెళ్ళడం నావల్ల కాదన్నాను. ఎవరితో మాట్లాడతానన్నాను. నీకు అక్కడ పని నచ్చి, కొత్తవాళ్ళు నచ్చి, నన్ను మర్చిపోతావేమోనని భయమన్నాను. అన్నీ సిగ్గుమాలిన మాటలు. ఒక్కదాంట్లోనూ ఆమె మేలు లేదు. అన్నీ నా గురించే. ఆమె కళ్ళు తుడుచుకుని, శ్రద్ధగా, చివరిదాకా విన్నది.

"సరే" అంది. "నేను పోత అంటున్న. ఇప్పుడు కొట్లాడుదాం."

కొట్లాడాం. పెళ్ళయ్యాక మొదటి నిజమైన పోట్లాట అది. అంతకుముందు ఆమె అరిచేది, నేను సరే సరే అనేవాణ్ణి. దాన్ని పోట్లాట అనరు. కొండ దిగుతూ ఆమె పోగొట్టుకున్న ఏళ్ళన్నీ ఒక్కొక్కటే ఏకరువు పెట్టింది. అవి నా వీసా వల్ల పోయాయి గానీ నా వల్ల కాదన్నాను. ఆ మాట తప్పని అంటూనే తెలిసింది, అయినా వెనక్కి తీసుకోలేదు. నువ్వే చాండ్లర్ రావొచ్చు కదా అంది. నా ప్రాజెక్ట్ క్యారీలో ఉందన్నాను.

"ఆడికెళ్ళి పని చేస్త అని మీ మేనేజర్‌ని అడిగినవా?"

"లేదు."

"ఎందుకు?"

"బాగోదని" అన్నాను. ఆమె అక్కడే గడ్డిలో చతికిలపడి, కోపంగానే, కడుపు పట్టుకుని నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఆ సాయంత్రం ఇద్దరం పోట్లాడుకుంటూనే బల్ల దగ్గర కూర్చున్నాం. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. కానీ ముందుకొచ్చిన ప్రతిదీ తిన్నాం. నేను అడిగి మరీ రెండోసారి వడ్డించుకున్నాను. పెద్దాయన మహా సంతోషంగా తిన్నాడు. నల్లటి అడవిపండ్లతో చేసిన వాళ్ళ ఊరి సారా చిన్న గ్లాసులో పోసి ఇచ్చాడు. ఇల్లాలు కూడా మెత్తబడింది. అతిథులు పోట్లాడుకుంటూ తింటే వాళ్ళాయనకి మంచిదేనట, తిండి విషయంలో అబద్ధం ఆడటం లేదని నమ్మకం కుదురుతుందట. భోజనం అయ్యాక, గదిలో ఆ కొయ్య మొహాన్ని తీసేస్తారా అని అడిగాను. ఆవిడ వెంటనే వచ్చి తీసేసింది. మొదటి రోజే చెప్పొచ్చు కదా, చాలామంది తీయించేస్తారు అంది.

సోమవారం ఆమె వస్తానని కంపెనీకి చెప్పింది. నేను మేనేజర్ దగ్గరికి వెళ్ళి, ఆరిజోనా నుంచి పని చేయనిస్తారా అని అడిగాను. కుదరదన్నాడు. అంతే, ఒక్కసారే. మా గోదావరి లెక్కన అది మొదటి వద్దు కాబట్టి పట్టించుకోకూడదని ఇంటికొచ్చి చెప్పాను. అయితే మళ్ళా అడుగు అంది. అడుగుతూనే ఉన్నాను. ఈలోపు ఇంట్లో పోట్లాట మాత్రం ఆగలేదు. సామాను సర్దుతుంటే వద్దన్నాను. అపార్ట్‌మెంట్ చూసుకుంటుంటే వద్దన్నాను. చాండ్లర్‌లో ఎండలకి మనుషులు మాడిపోతారన్నాను. ఆమె ప్రతిదానికీ జవాబు చెప్పింది, కొన్నిటికి అరిచింది, కొన్నిసార్లు ఏడ్చింది. ఒక్కసారి కూడా మొహం తిప్పుకుని పక్క గదిలోకి వెళ్ళిపోలేదు. అంతకుముందు రోజూ వెళ్ళిపోయేది.

జనవరిలో ఎయిర్‌పోర్టుకి నేనే డ్రైవ్ చేశాను. సెక్యూరిటీ లైను దగ్గర ఆమె సంచి భుజానికి తగిలించుకుంది. నువ్వు వెళ్ళడం నాకు ఇష్టం లేదని ఇంకోసారి చెప్పాను. వెనకాల ఉన్నవాళ్ళకి తెలుగు రాదు కాబట్టి గొంతు తగ్గించకుండానే చెప్పాను. ఆమె రెండు అడుగులు వేసి ఆగింది. వెనక్కి వచ్చి నా చొక్కా పట్టుకుంది.

"మళ్ళ అను" అంది.

అన్నాను. ఆమె కళ్ళు మూసుకుని విన్నది. తర్వాత నా చొక్కా వదిలి, లైనులో తన చోటుకి వెళ్ళి నిలబడింది.